నోటి మీది చెయ్యి

నానబెట్టిన తునికాకు వాసన జగిత్యాలలో మా వీధికి ఎప్పుడో గానీ రాదు. నిన్న సాయంత్రం ఎవరింట్లో బీడీలు చుడుతున్నారో గానీ, కిటికీలోంచి ఆ వగరు వాసన గుప్పున వచ్చింది. వచ్చే వారం మేము సింగపూర్ వెళ్తున్నాం. మా ఆయనకు సెలవు దొరికింది, ఏడేళ్ల మా శాన్వికి బడి లేదు. నేను దాని బట్టలు సూట్‌కేసులో సర్దుతున్నాను. అది హాల్లో నిలబడి, నేను నేర్పినట్టే, "మా డాడీ పేరు శ్రీకాంత్!" అని గట్టిగా అరిచింది. మా అత్తమ్మ మొహం ముడుచుకుంది. "ఆడివిల్ల తండ్రి పేరు వెట్టి గట్ల ఒర్రుడేంది?" అంది. నాకు ఒళ్లు మండింది. ఆ మంట నిన్నటిది కాదు. దాన్ని నాలో రాజేసింది కోరుట్లలో మా పక్కింటి పోసవ్వ పెద్దమ్మ.

ఆమె సిరిసిల్ల ఆడబిడ్డ. కోరుట్లకు కోడలిగా వచ్చిన నాటి నుంచి బీడీలే చుట్టింది. ఒళ్లో చాట, చేతిలో కత్తెర ఉండేవి, నోరు మాత్రం ఊరుకునేది కాదు. ఆమె నోటికి జడవని వాళ్లు మా వాడకట్టులో లేరు. అయినా పిల్లలమంతా ఆమె అరుగు మీదే ఉండేవాళ్లం. తిట్టేది గానీ, ఎవరినీ లేచి పొమ్మనేది కాదు.

మా బాపు దుబాయ్‌లో డ్రైవరు. పోసవ్వ పెద్దమ్మ పెనిమిటి కూడా అక్కడే పనిచేసేవాడు. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు ఎండాకాలం సెలవులకు వాళ్లిద్దరూ కలిసి ఒక ఇల్లు కిరాయికి తీసుకుని, అమ్మను, నన్ను, నాలుగేళ్ల తమ్ముడు చింటును, పోసవ్వ పెద్దమ్మను విజిట్ వీసా మీద పిలిపించారు. ఏం కట్టుకుని పోవాలి, వచ్చేటప్పుడు ఏం తేవాలి అని వాడకట్టంతా ఒకటే ముచ్చట. పిల్లలు తప్పిపోతే ఎలా అని ఆలోచించింది మాత్రం ఆమె ఒక్కతే. చింటును అరుగు మీద కూర్చోబెట్టుకుని పాఠం మొదలుపెట్టింది.

"మీ బాపు పేరేందిరా?"

"బాపు."

"బాపంటె గా దేశంల ఎవలకు ఎర్కరా? రాజేశం. అను."

"రాజేశం!" అన్నాడు వాడు, కొత్త ఆట దొరికినట్టు నవ్వుతూ.

అమ్మ మా ఇంట్లోంచి వచ్చి వాడి నోటి మీద ఒక్కటిచ్చింది. అమ్మ ఎన్నడూ బాపు పేరు పలికి ఎరగదు. ఎక్కడైనా అడిగితే పక్కవాళ్లతో చెప్పించేది. "అక్కా, పోరగాండ్లకు గిసొంటియి నేర్పకు. తండ్రి పేరు వట్టి అంటరా ఎవలన్న?" అంది.

"చిన్నప్పుడు ఏములాడ జాతరల తప్పిపోయిన్నే నేను. మా నాయిన పేరు అడిగిండ్రు. గిట్లనే సిగ్గువడి చెప్పలే. పొద్దుగూకెదాక ఏడ్సుకుంట కూసున్న. నీ సిగ్గు నీతాన్నే పెట్టుకో, పిల్లలకెందుకే అది?"

అమ్మ వినలేదు. ఆ తర్వాత పోసవ్వ పెద్దమ్మ ఎప్పుడు అడిగినా చింటు రెండు చేతులతో నోరు మూసుకునేవాడు. ఎంత ముద్దుగా ఉన్నాడో అని అందరూ నవ్వేవాళ్లు. నవ్వనిది ఆమె ఒక్కతే.

దుబాయ్‌లో ఒక సెలవు రోజు బాపు మమ్మల్నీ పోసవ్వ పెద్దమ్మనూ పెద్ద మాల్‌కు తీసుకెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు, కారు తెస్తానని వెళ్తూ, వెంటపడిన చింటును "అమ్మ దగ్గరికి పో" అని వెనక్కి పంపాడు. వాడు బాపుతో వెళ్లాడని అమ్మ అనుకుంది. అంతే, ఆ జనంలో పిల్లవాడు లేడు.

మైకులో ఏవో ప్రకటనలు వస్తున్నాయి, అరబ్బీలో, ఇంగ్లీషులో. అవి మా చింటు గురించేనని మాకు తెలియదు. మా నెత్తి మీద వాడి గురించే చెబుతుంటే, మేము వాడిని వెతుక్కుంటూ ఏడుస్తున్నాం. కాపలా ఉన్న ఒకావిడ ఆగి, పిల్లవాడి తండ్రి పేరేమిటని హిందీలో అడిగింది. నాకు ఆ హిందీ అప్పుడు అర్థం కాలేదు. అమ్మ పెదవులు కదిలాయి. మాట రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కన్నకొడుకు కనబడని ఆ గడియలో కూడా! అది తలుచుకుంటే ఈనాటికీ నాకు అమ్మ మీద కోపం వస్తుంది. ఆ వెంటనే, అమ్మకు ఆ సిగ్గు నూరిపోసిన వాళ్లందరి మీదా ఇంకా పెద్ద కోపం వస్తుంది.

పోసవ్వ పెద్దమ్మ మాల్ నడిమధ్యలో నిలబడి గొంతెత్తింది. "రాజేశం కొడుకు! కోరుట్ల రాజేశం కొడుకు! తెలుగోళ్లు ఎవలన్న ఉన్నరా?"

జనం ఆగిపోయి చూశారు. నేల తుడుస్తున్న ఒకాయన కర్ర అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చాడు. "మాది మెట్‌పల్లి అవ్వా. నీలం అంగి పోరడేనా? కింద ఆఫీసుల కూసోవెట్టిండ్రు. మైకుల చెప్తనే ఉన్నరు. బాపు పేరు చెప్తె గా పేరే పిలుద్దురు, ఎంత అడిగినా చెప్తలేడు."

వెళ్లి చూస్తే చింటు కుర్చీలో ఉన్నాడు. మొహమంతా కన్నీటి చారలు. "బాపు పేరు అడిగినప్పుడల్ల రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకుంటుండు, ఎవలో కొడ్తరన్నట్టు" అన్నాడు మెట్‌పల్లి ఆయన. అమ్మ అక్కడే నేల మీద కూలబడింది. వాడి చేతులు నోటి మీది నుంచి తీసి పట్టుకుంది. "రాజేశం. మీ బాపు పేరు రాజేశం. అను కొడుకా, కొట్టను, అను" అంది. అమ్మ నోట ఆ పేరు నేను వినడం అదే మొదలు.

అప్పుడు వచ్చాడు బాపు. పెద్దమ్మ అరిచిన సంగతి దారిలోనే ఎవరో చెప్పినట్టున్నారు. కొడుకును ఎత్తుకోలేదు. "గింతమందిల నా పేరు వట్టి ఒర్రుతవా? మనోళ్లు ఇన్నరు. ఇజ్జత్ ఏమున్నదిగ నాకు?" అని పోసవ్వ పెద్దమ్మ మీదికి లేచాడు.

ఆమె కదల్లేదు. "నీ పేరు నేనేం తినలే రాజేశం, నీతాన్నే ఉన్నది. పోరడు పోతె ఏడికెల్లి తెద్దువు?"

బాపు మళ్లీ ఆమెతో మాట్లాడలేదు. కోరుట్లకు వచ్చాక కూడా అదే కథ, పరాయి మగవాడి పేరును దుబాయ్‌లో బజారుకెక్కించిన ఆడదని. పిల్లవాడు దొరికిన సంగతి ఒక్కరూ చెప్పుకోలేదు. ఆమె లెక్కచేస్తేనా! అరుగు మీద కొత్త పిల్లలను కూర్చోబెట్టి అదే పాఠం చెప్పింది. పోయినేడు ఆమె చనిపోతే వాడకట్టంతా వచ్చి ఆమె నోటి దురుసుతనం గురించే మాట్లాడుకున్నారు. ఆ నోరు లేకపోతే నాకు తమ్ముడు లేడు అని అరవాలనిపించింది. వాడిప్పుడు సిరిసిల్లలో బట్టల దుకాణం నడుపుతున్నాడు. ఎవరైనా తండ్రి పేరు అడిగితే, చెప్పేముందు వాడి కుడిచెయ్యి ఒకసారి గడ్డం దాకా లేస్తుంది. ఆ సంగతి వాడికి తెలియదు.

పోసవ్వ పెద్దమ్మ నాకు ఇచ్చిపోయింది ఈ కోపమే. దీన్ని చల్లార్చుకోవాలని నాకు లేదు.

నిన్న అత్తమ్మ అలా అన్నాక శాన్వి ఒకసారి ఆమె వైపు, ఒకసారి నా వైపు చూసింది. మెల్లగా దాని చెయ్యి నోటి మీదికి వెళ్లింది. చేతిలోని బట్టలు వదిలేసి వెళ్లి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాను. పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తమ్మ ముందు నేను అనని మాట అన్నాను.

"శ్రీకాంత్. మీ డాడీ పేరు శ్రీకాంత్. అను బిడ్డా, బయటికి ఇనవడాలె."