జియోనే పట్టికలో రాయని వారం

జియోనే కపలాములాకు ఎవరిమీదైనా అసూయ పుడితే మొదట చచ్చేది ఆకలి. రాజధాని లిలోంగ్వేలో వాణిజ్య మంత్రిత్వ శాఖ రెండో అంతస్తులో ఈ సంగతి అందరికీ తెలుసు. పదిగంటల టీతో వచ్చే మందాసి, ఆ వేయించిన తీపి బన్ను, ఆమె పళ్ళెంలో నూనె కక్కుతూ అలాగే పడి ఉందంటే ఎవరికో ఏదో మేలు జరిగిందన్నమాట. లుసుబిలో అనే కుర్రాడు ఆ అంతస్తుకు వచ్చిన ఈ రెండేళ్ళలో ఆమె ఎనిమిది కిలోలు తగ్గింది. స్నేహితురాళ్ళు రహస్యం చెప్పమని అడిగారు. నడక అని చెప్పింది.

ఆమె సేవల వ్యాపారం బల్ల దగ్గర పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. ఆ శాఖలో పొగాకు బల్లకు గౌరవం ఉంది, టీ ఆకు బల్లకూ, పంచదార బల్లకూ ఉంది. అవి బస్తాలకెక్కుతాయి, మంత్రి వాటి పక్కన నిలబడి ఫొటో దిగొచ్చు. నర్సు చేసే సేవను, లెక్కల మనిషి సంతకాన్ని, సరస్సు ఒడ్డున లాడ్జిలో విదేశీయుడు పడుకున్న మంచాన్ని ఏ బస్తాకెత్తుతారు? కనుక ఆ పని జియోనేకు దక్కింది. దాంతోపాటు ఒక పట్టిక కూడా. ఏ దాత దేశం, ఏ సేవకు, ఏ ఊళ్ళో, ఏ వారం సాయం చేస్తోందో అన్నీ గళ్ళు గళ్ళుగా రాసి ప్రతి సోమవారం అందరికీ పంపడం ఆమె ఉద్యోగం. దాతలు ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకోకుండా ఉండటానికి. ఆ పట్టికను ఎవరూ చదవరని ఆమె గట్టి నమ్మకం. రెండుసార్లు ఓ గడిలో తన పెంపుడు కోడి పేరు రాసి పంపింది. ఎవరూ అడగలేదు.

దాతల్ని ఆమె మనసులో వాళ్ళు అడిగే పానీయంతో పిలుచుకునేది. ముఖ్యమైనవాళ్ళు ఇద్దరే: కాఫీ వాళ్ళు, టీ వాళ్ళు. సమావేశాల్లో ఎదురెదురుగా కూర్చుని సహకారం గురించి గంటలు గంటలు మాట్లాడతారు. బయటికొచ్చాక ఒకరి ఫోను ఒకరు ఎత్తరు.

లుసుబిలో మ్వాంగొండే కాఫీ వాళ్ళ ప్రాజెక్టు మనిషి. జియోనే గదికి ఎదురుగదే అతనిది. జలుబు చేయించే ఏసీ, చప్పుడు లేని ప్రింటరు, వయసు ముప్పైమూడు. పైగా మర్యాదస్తుడు. కుడిచేతికి ఎడమచేయి ఆనించి, మోకాళ్ళు కాస్త వంచి మరీ పలకరిస్తాడు. పొగరుబోతైనా కాడే, హాయిగా తిట్టుకోవడానికి!

ఆ ఏడు సేవల విభాగానికి అధిపతి పదవి ఒకటి మంజూరైంది. పక్కా ప్రభుత్వోద్యోగం. పేర్లు రెండే వినిపించాయి, ఆమెదీ అతనిదీ. సరిగ్గా అప్పుడే లుసుబిలో గదికి బట్టల మూటలొచ్చాయి. సరస్సు ఒడ్డున సలీమాలో లాడ్జివాళ్ళ శిక్షణ ప్రారంభోత్సవానికి ప్రత్యేకంగా అచ్చువేయించిన చితెంజె బట్ట. నీలిరంగు మీద చేపలు, చుట్టూ పెద్ద అక్షరాల్లో ప్రాజెక్టు పేరు. అంతస్తులోని ఆడవాళ్ళంతా అప్పుడే నడుముకు చుట్టుకుని చూసుకుంటున్నారు.

“అక్కా, నీకూ ఒకటి తీసిపెట్టాను,” అన్నాడు లుసుబిలో గుమ్మంలోంచి.

“నీలం నాకు నప్పదు తమ్ముడూ.”

“నిరుడు క్రిస్మస్‌కి నీలమేగా కట్టావు?”

“అందుకే తెలిసింది.”

ఆ సోమవారం టీ వాళ్ళ ఉత్తరం వచ్చింది. వాళ్ళూ లాడ్జివాళ్ళకు శిక్షణ పెడుతున్నారట. అదే సలీమా, అదే వచ్చే మంగళవారం, అదే నలభైమంది. ఊళ్ళో హాళ్ళు రెండున్నాయి కనుక హాళ్ళు మాత్రం వేరు. లాడ్జివాళ్ళు ఇద్దరికీ వస్తామన్నారు. ఇంటికొచ్చి పిలిచినవాళ్ళను కాదనడం అక్కడ ఎవరికీ చేతకాదు. ఈ రెండు పిలుపులూ ఒకేచోట కనిపించేది ఒక్క పట్టికలోనే.

జియోనే గడి నింపబోయి ఆగింది. రాయకపోతే లుసుబిలోకు ముందే తెలిసే దారి లేదు, ఆ నలభైమందీ టీ వాళ్ళ హాలుకే పోవచ్చు. మంత్రి వస్తాడు, బ్యాండు వస్తుంది, నీలి చేపలు కట్టుకున్న ఇరవైమంది ఖాళీ కుర్చీల ముందు చప్పట్లు కొడతారు. ఆ దృశ్యం ఆమెకు ఎంత నచ్చిందంటే ఆ పూట రెండు మందాసీలు తిన్నది. పదకొండేళ్ళలో మొదటిసారి సోమవారం పట్టిక వెళ్ళలేదు. కరెంటు లేదని చెప్పింది. లిలోంగ్వేలో ఆ మాటకు సాక్ష్యం అడిగేవాడు లేడు.

తర్వాతి మంగళవారం డైరెక్టర్ ఫంబాలా గారి బండిలోనే సలీమాకు బయలుదేరింది. ఖాళీ కుర్చీలు కళ్ళారా చూడాలి కదా.

హాలు కిటకిటలాడుతోంది. నలభైమందీ ఉన్నారు, వాళ్ళ చెల్లెళ్ళూ మేనత్తలూ అదనం. వేదిక మీద టీ వాళ్ళ జెండా, కాఫీ వాళ్ళ జెండా పక్కపక్కనే. పొద్దుట టీ వాళ్ళ పాఠం, మధ్యాహ్నం కాఫీ వాళ్ళది, భోజనం ఒక్కటే. రెండో హాలుకు తాళం.

“ఈ ఇద్దర్నీ ఒక కప్పు కింద చూస్తానని అనుకోలేదు,” డైరెక్టర్ ఆశ్చర్యంగా అన్నాడు. “మీ పట్టిక ప్రకారమే చేశామంటున్నారు. నీ ఏర్పాటేనా అమ్మా?”

ఇలాంటి చోట మనస్సాక్షి గొంతు పట్టుకుందని రాయడం ఆనవాయితీ. అలాంటిదేమీ జరగలేదు. జియోనే మోకాళ్ళు వంచి, “అవునండీ,” అంది. చాలా మామూలుగా వచ్చిందా మాట.

భోజనాల దగ్గర లాడ్జి నడిపే అబీతి సైదీ ఎన్సిమా అనే మొక్కజొన్న పిండి ముద్దను వేయించిన చంబో చేపతో నంజుకుంటూ ఆమె పక్కన చేరింది.

“మీ కుర్రాడు బంగారం. గురువారం ఫోన్ చేసి చెప్పాను, నాయనా, నేను ఒక్కదాన్ని, రెండు హాళ్ళలో ఎలా కూర్చోను, సగానికి కోసుకోనా అని. పాపం, అతనికి ఆ సంగతే తెలీదు.”

“ఏ కుర్రాడు?”

“లుసుబిలో. ఇంకెవరు? సాయంత్రానికల్లా సర్దేశాడు.”

జియోనే పళ్ళెం వదిలి లేచింది.

లుసుబిలో సరస్సు వైపు మెట్ల మీద నిలబడి చేతులు కడుక్కుంటున్నాడు. ఆమె సూటిగా వెళ్ళి నిలబడింది.

“నా పేరెందుకు చెప్పావు?”

“నా పేరు చెబితే టీ వాళ్ళు వింటారా అక్కా? కాఫీ వాళ్ళ మనిషిని. మాటకు ముందే ఫోను పెట్టేస్తారు. మంత్రిత్వ శాఖ పట్టికలో ఉంది అన్నాను. అంతే, గమ్మున ఒప్పుకున్నారు. మావాళ్ళూ అంతే.”

“పట్టికలో లేదుగా.”

“లేదు.” చేతులు విదిలించాడు. “కరెంటు పోయిందటగా?”

అతని మొహంలో వెటకారం కోసం వెతికింది. ఉన్నా బాగుండేది.

“నీ పట్టికకు ఎంత బలముందో నీకే తెలీదక్కా. ఆ ఇద్దరూ దానికి తప్ప ఎవరికీ భయపడరు. ఆ కోడి పేరు చూసి మా పెద్దాయన నన్నడిగాడు, ఇదేం కొత్త దాత సంస్థ, మనకు ముందుగా ఎందుకు చెప్పలేదు అని.”

“నువ్వేమన్నావు?”

“చిన్న సంస్థ, గుడ్ల రంగంలో పనిచేస్తుంది అన్నాను.”

మరెవరైనా అయితే ఇద్దరూ కలిసి నవ్వుకునేవారు. పదకొండేళ్ళు తను రాసింది, గీసింది, పంపింది. దాని విలువ తెలిసినవాడు ఇతనొక్కడు. తన చేతిలోని వస్తువు దేనికి పనికొస్తుందో ఎదుటివాడు తనకే వివరిస్తున్నాడు. మర్యాదగా, అక్కా అంటూ.

నెల తిరక్కుండా పదవి జియోనేకే వచ్చింది. అందర్నీ పిలిచి చదివిన ఉత్తర్వులో ఒక వాక్యం ప్రత్యేకంగా సలీమా గురించే ఉంది. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టినవాడు లుసుబిలోనే. ఆ గదిలో అబద్ధం తెలిసినవాడు అతనొక్కడే. ఎన్నడూ నోరు విప్పడని కూడా ఆమెకు తెలుసు. విప్పి ఉంటే అతన్ని ద్వేషించి ఊపిరి పీల్చుకునేది. కొత్త కుర్చీ, కొత్త ఏసీ, మందాసి మాత్రం పళ్ళెంలోనే.

తర్వాతి సోమవారం పట్టిక తొమ్మిదింటికే వెళ్ళింది. సలీమా వరుసలో, ‘ఏర్పాటు చేసినవారు’ అన్న గడి ముందు ఆమె చాలాసేపు కూర్చుంది. చివరికి ‘మంత్రిత్వ శాఖ’ అని రాసింది. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. అధిపతులు రాసే భాష అప్పటికే అబ్బింది.

ఆ మధ్యాహ్నం బల్ల మీద చేపల నీలి బట్ట మడతపెట్టి ఉంది. చీటీ లేదు. చీటీ ఉంటే చింపడానికైనా ఉండేది. ఇంటికెళ్తూ బజారులో దర్జీ దగ్గర ఆగింది.

“గౌనా మేడం? అక్షరాలు ఎదురుగా వచ్చేట్టు కుట్టనా, వెనక్కా?”

“లోపలికి. ఒక్క అక్షరం బయటికి కనిపించకూడదు. అంతా మడిచి కుట్టెయ్.”

దర్జీ బట్ట పూర్తిగా విప్పి, అటూ ఇటూ తిప్పి చూశాడు. “చుట్టూతా అక్షరాలే ఉన్నాయి మేడం. అవన్నీ లోపలికి పోతే మీకు బిగుతైపోతుంది.”

“తగ్గానుగా,” అంది జియోనే. “పడుతుంది. కొలత తీసుకో.”