మా కుమారస్వామి బావ కాపాడిన బ్యాటరీ

మా ఆయన అన్న కుమారస్వామి బావకు తెలియని సంగతి లోకంల లేదు. వరంగల్ చౌరస్తా కాడ పప్పుల దుకాణంల కూసోని డాక్టర్లకు మందులు చెప్తడు, వకీళ్లకు కేసులు చెప్తడు. అడగకపోయినా చెప్తడు. అడిగితే మాత్రం జర పనున్నది అంటడు.

మా ఆయన గోపాల్ పోయిన పదకొండో దినం ఆయన బట్టలు, మంచం చాకలోళ్లకు ఇచ్చిన్రు. బండి మిగిలింది. దాని స్పేర్ బ్యాటరీ కూడ మిగిలింది. పాలకుర్తి దారిల ఒకసారి బండి ఆగిపోతే ఎండల ఊరి దాక తోసుకుంట పోయిండట. అప్పటిసంది ఇంకోటి కొని ఇంట్ల పెట్టుకున్నడు. మా బిడ్డ నవ్యకు ఆ బండి మీదనే సగం నేర్పిండు. మిగిలిన సగం అది దాని మీదనే నేర్చుకోవాలె. అందుకే బండి ఎవరికీ ఇయ్యనన్న. ఆ ఇంట్ల నేను పెద్దోళ్లకు ఎదురు చెప్పిన మాట అదొక్కటే.

"ఇయ్యకు శకుంతలా, ఎవరడిగిన్రు. నేను అర్సుకుంట తియ్" అన్నడు బావ.

అర్సుకునుడు ఆ వారమే మొదలైంది. స్పేర్ బ్యాటరీని బండ మీద పెడితే భూమి దాని బలం గుంజుకుంటదట. దేవుని అర్రల పీట ఏసి దాన్ని కూసోబెట్టిండు. నేను కోడలిగ వచ్చి ఇరవై రెండేండ్లాయె, పీట ఏసి కూసో అన్నోళ్లు లేరు. పక్కన దీపం పెట్టిండు. దసరాకు ఆయుధపూజ అని దానికి తడి పసుపు పూసి, వైర్లు తగిలించే రెండు టర్మినళ్లకు కుంకుమ పెట్టి, కంకణం కట్టిండు. నెల తిరిగెసరికి వాటి మీద తెల్లగ, పచ్చగ పిండి లెక్క లేచింది.

"బావా, ఇదేందో పూసింది" అన్న.

"పూసిన చెట్టు మంచిదా, పుయ్యని చెట్టు మంచిదా?" అన్నడు.

లోపల నీళ్లు తగ్గినయని చూసి, మేం తాగే క్యాను నుంచి చెంబెడు వంపుకున్నడు.

"దానికి వేరే నీళ్లు పోస్తరు గద బావా. ఆయన సీసల తెచ్చెటోడు."

"ఫిల్టర్ నీళ్లు ఇవి. నువ్వు తాగుతానవు గద. అదేమన్న నీకంటె ఎక్కువదా?"

నేను పీట దిక్కు చూసిన. ఎక్కువదే అనుకున్న.

ఛార్జింగ్ సంగతి ఎత్తితే, "వాడనిది ఎట్ల తగ్గుతది? బీరువల పెట్టిన చీర మాస్తదా?" అన్నడు. బీరువల పెట్టిన చీరలు మడతల కాడ పిగిలిపోతయని ఆడోళ్లకు తెలుసు. ఆయనకు చెప్పలే.

తొమ్మిదో మాసికం నాడు, చుట్టాలంత విస్తళ్ల ముందర ఉండంగ, బావ తీర్పు చెప్పిండు.

"నిలబడ్డ బండి ఇంటికి మంచిది కాదు. సంవత్సరీకం నాడు ఈ బ్యాటరీ ఏసి చూద్దాం. స్టార్టయితే బండి ఈడనే ఉంటది. కాకపోతే మా అల్లుడు అఖిల్ నర్సంపేటకు తీస్కపోతడు. పాపం, బస్సులల్ల తిరుగుతాండు."

అందరు తలలూపిన్రు. నోట్ల బూరె ఉన్నప్పుడు తల ఊపుడే అల్కగ అయితది.

బండిల ఉన్న పాత బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కిక్కు లేని బండి, బటన్ నొక్కితేనే లేవాలె. ఇంక పీట మీదిదే దిక్కు.

ఏడాది తిరిగేదాక నేను గడప దాటొద్దని రూలు. రేషన్ షాపుకు, కరెంటు ఆఫీసుకు, మాసికం సామాన్లకు మాత్రం దాటొచ్చు, ఎందుకంటె ఆ పనులకు బావకు తీరదు. మర్నాడు రేషన్ సంచిల బ్యాటరీ నిలువుగ పెట్టుకోని ఆటో ఎక్కిన. మా ఆయన బండి బాగు చేసే శేఖర్ దుకాణానికి పోయిన.

శేఖర్ సంచిలకు తొంగి చూసి, కంకణాన్ని ఏలుతోని లేపిండు.

"వదినా, దీనికి పెండ్లెవరు చేసిన్రు?"

"మా బావ. పక్కన దీపం కూడ పెట్టిండు."

"దీపమా? ఛార్జింగ్ ఎక్కేటప్పుడు దీంట్లకెల్లి గ్యాస్ వస్తది. అంటుకుంటది. ఆయన ఛార్జింగ్ పెట్టలే కాబట్టి మీ ఇల్లున్నది."

బావకు తెలియకపోవుడే మమ్ముల కాపాడిందన్న మాట.

తినే సోడా నీళ్లతోని ఆ పిండంత కడిగిండు. "రెండు దినాలు మెల్లగ ఛార్జింగ్ పెడ్త. లేస్తె లేస్తది. వాడకున్నా దాని బలం అదే కారిపోతది, నెలకొక్కపాలి తీస్కరావాలె. నీళ్లు తగ్గితే డిస్టిల్ వాటరే, అది కూడ గీత దాకనే. టర్మినళ్లకు జర వాజలైన్ రాయి. ఎండ, పొయ్యి తగలని కాడ పెట్టు. నెల నెల యాదికుంటదా వదినా?"

"మాసికం కూడ నెలకే గద" అన్న.

శేఖర్ బ్యాటరీకి ఛార్జర్ తగిలించిండు.

బావ శనివారం శనివారం వచ్చి పీట చూసి పోతడు. ఖాళీగ ఉంటె ఎట్ల? బండిల ఉన్న చచ్చిన బ్యాటరీని తీసి, తుడిచి, పసుపు కుంకుమ పూసి, ఆ కంకణమే కట్టి పెట్టిన. రెండు ఒక్క తీరుగనే ఉంటయి. ఆ శనివారం బావ కండ్లద్దాలు సర్దుకోని దగ్గరికి వంగిండు.

"చూసినవా, పూత పోయింది. నేను పోసిన నీళ్ల గుణం" అన్నడు.

మూడు నెలలు దానికే దీపం పెట్టిండు. అసలుది శేఖర్ కాడ రెండు దినాలకు లేచింది, ఎనుక వరండల, నీడకు, చెక్కపెట్టెల ఉన్నది. పదో మాసికానికి, పదకొండో మాసికానికి విస్తరాకుల కింద పెట్టుకోని పోయి ఛార్జింగ్ చేయించుకొచ్చిన.

సంవత్సరీకం రానే వచ్చింది. ముందునాడు బండిల కొత్త పెట్రోలు పోయించిన. భోజనాలయినంక అందరు వాకిట్లకు వచ్చిన్రు. అఖిల్ కొత్త హెల్మెట్ తెచ్చుకున్నడు, ప్లాస్టిక్ కవరు గూడ తియ్యలే. బావ పీట మీది బ్యాటరీని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చిండు. పాతది ముందుగాల్నే ఇప్పి తీసిన అని నేను చెప్తె, అల్లునితోని బిగిపిచ్చిండు. బటన్ నొక్కితే చిన్న లైటు కూడ వెలగలే.

"తమ్ముని రాత. మనమేం చేస్తం" అని బావ తాళంచెవి అల్లుని చేతుల పెట్టిండు.

నేను వరండలకు పోయి చెక్కపెట్టె తెచ్చిన.

"ఇదేంది?" అన్నడు.

"ఇది ఆయన కొన్న స్పేరు బావా. మీరు మూడు నెలల సంది దీపం పెట్టింది బండిల చచ్చిన పాతదానికి."

చుట్టాలల్ల ఎవరో దగ్గిన్రు. ఆ దగ్గు నవ్వు లెక్క ఉన్నది. ఇప్పేటప్పుడు మైనస్ ముందల, బిగించేటప్పుడు ప్లస్ ముందల అని శేఖర్ చెప్పిండు. అట్లనే చేసిన. మా ఆయన పానాతోనే గట్టిగ బిగించిన. నవ్య అఖిల్ చేతుల నుంచి తాళంచెవి తీస్కోని బటన్ నొక్కింది. మొదటిపాలి బండి గునిసింది. రెండోపాలి లేచింది. పొగంత బావ తెల్ల పంచె మీదికి పోయింది.

"నేనన్న గద, చేసిన పూజ ఊకె పోదు" అన్నడు బావ.

అల్లుని మొఖం చూసి కొంచెంసేపటికి మల్ల అన్నడు, "పాపం, నర్సంపేట బస్సు అందదేమో. నవ్యను బండి మీద బస్టాండు దాక దిగబెట్టమను."

"దానికింక లైసెన్స్ రాలే బావా. నడిచి పొమ్మనున్రి. ఎండకు హెల్మెట్ ఉన్నది గద" అన్న.