ఐసు బస్తా, ఎర్ర రగ్గు

చచ్చిపోయిన మనిషిని ఈ రెండు చేతులతో బతికించినవాణ్ణి నేను. ఇరవై నిమిషాలు నాడి లేదు. కళ్లు తేలేశాడు. ఛాతీ మీద చేతులు వేసి నొక్కాను, నొక్కాను, పక్కటెముకలు పటపటమన్నాయి, గుండె మళ్లీ కొట్టుకుంది. ఈ సంగతి మెట్టుగూడలో మా ఇంటి ముందున్న టీకొట్టు దగ్గర వందసార్లకు తక్కువ చెప్పి ఉండను.

కాగితం మీద పెట్టేసరికి మాత్రం చెయ్యి కొంచెం జంకుతోంది. ఇరవై కాదు, ఆరు నిమిషాలు. నొక్కింది డాక్టరుగారు. నేను కత్తెరతో చొక్కా కత్తిరించాను, మెడలో వేలాడుతున్న ఆఫీసు కార్డు తీసి పక్కన పెట్టాను. పద్మారావు నగర్‌లో ఐదు మంచాల ఐసీయూ ఉన్న చిన్న ఆసుపత్రి అది. నేను అక్కడ వార్డ్‌బాయ్‌ని. యాభై రెండేళ్లొచ్చినా బాయ్‌నే.

అయితే ఆ తర్వాత జరిగినదాంట్లో నాకు నిజంగానే వాటా ఉంది. అందులో అబద్ధం లేదు. ఉన్నా కొంచెమే.

సందు సందుకూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు వెలసిన రోజులవి. పొద్దున్నే మెడలో కార్డులు వేసుకుని కుర్రాళ్లు రోడ్ల మీద కంపెనీ క్యాబుల కోసం నిలబడేవారు. ఆ రోజు క్యాబు ఎక్కాల్సిన ఒకాయన గుండెల్లో నొప్పంటూ మల్కాజ్‌గిరి నుంచి తల్లితో ఆటోలో వచ్చాడు. ముప్పై నాలుగేళ్లు. కౌంటరు దగ్గర పేరు చెబుతూ చెబుతూ కూలబడిపోయాడు. కరెంటు షాకు రెండుసార్లు ఇచ్చాక గుండె తిరిగి కొట్టుకుంది గానీ మనిషికి తెలివి రాలేదు. గొట్టం వేసి, మిషను మీద ఊపిరి ఆడిస్తూ ఐసీయూలో పడుకోబెట్టాం.

డాక్టరుగారు తల్లిని పిలిచి, "అమ్మా, గుండె దొరికింది. మెదడు సంగతి ఇప్పుడే చెప్పలేను. ఒక రోజంతా ఒళ్లు చల్లగా ఉంచుతాం. అలా ఉంచితే మెదడుకి దెబ్బ తగ్గే అవకాశం ఉంది" అన్నారు. నా వైపు తిరిగి, "జ్వరం చూసే లెక్కలో తొంభై రెండు. అటూ ఇటూ పోకూడదు. ఐస్ తీసుకురా" అన్నారు.

చల్లబరిచే మిషన్లు మా దగ్గరెక్కడివి? చేపల మార్కెట్టు పక్కనున్న ఐసు కొట్టుకు వెళ్లి గోనె బస్తా నిండా తెచ్చాను. ఆటోలో ఒళ్లో పెట్టుకుని వస్తే ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. గడ్డలు కొట్టి, కవర్లలో నింపి, గుడ్డ చుట్టి మెడ దగ్గరా చంకల్లోనూ గజ్జల్లోనూ పెట్టాం. ఒళ్లు వణికితే వేడి పుడుతుందని, వణకకుండా సిస్టరు మందు ఎక్కించింది.

తల్లి తలుపు దగ్గర నిలబడి ముక్కు ఎగబీల్చింది. ఆమెది భీమిలి వైపు. కొడుకు ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చి నాలుగేళ్లయింది.

"ఏటి బాబూ ఇది? సేపల ఐసా?"

"ఐసు ఐసే కదమ్మా. చేపలదైతేంది, షర్బత్‌ది అయితేంది?"

"మా ఊర్లో సచ్చిన సేపల్నే ఐసులో ఎడతారు. నేకపోతే పీనుగుల్ని ఎడతారు. బతికున్నోడ్ని ఎట్టరు."

ఆమె చూసినదాంట్లో ఐసు ఎక్కడ కనిపించినా పక్కన చావే ఉంది. కొడుకు మీద మేం ఆశ వదిలేశామని, ఆ మాట చెప్పలేక ఇలా చేస్తున్నామని ఆమె అనుమానం.

మధ్యాహ్నం డాక్టరుగారు వచ్చేసరికి ఒళ్లు తొంభై నాలుగు చూపిస్తోంది. "ఏం చేస్తున్నావ్ నువ్వు?" అని నా మీద పడ్డారు. "ఏసీ సరిగ పనిచేస్తలేదు సార్" అన్నాను. ఏసీ బ్రహ్మాండంగా ఉంది. నేను టీకి పోయిన పావుగంటలో ఆ తల్లి లోపలికొచ్చి, ఐసు కవర్లు తీసి మంచం కింద పెట్టి, కొడుకు మీద ఎర్ర రగ్గు కప్పింది. నేను డాక్టరుగారి అడుగుల చప్పుడు విని రగ్గు లాగేశాను గానీ వేడిని లాగెయ్యలేను కదా.

రెండోసారి తలకు మంకీ క్యాప్ పెట్టి, అరికాళ్లకు కొబ్బరినూనె రుద్దుతూ ఆయనకే దొరికిపోయింది. "ఇంకోసారి లోపలికొస్తే గేటు బయటికి పంపించేస్తాను" అని కేకలేశారు. ఆమె ఏడవలేదు. రగ్గు మడతపెట్టి, బయట బెంచీ మీద కూర్చుని, అద్దంలోంచి కొడుకు కాళ్లనే చూస్తోంది.

అప్పుడు నా బుర్ర పనిచేసింది. బొచ్చెలో ఐసు నీళ్లు, రెండు తెల్లగుడ్డలు తీసుకుని ఆమె దగ్గరికి పోయాను.

"అమ్మా, జెర ఇనుండ్రి. నీ కొడుక్కి జ్వరం ఉన్నది. తల లోపట ఉన్నది, బయటికి దెలుస్తలేదు. జ్వరమొస్తే ఏం జేస్తరు మీరు?"

"తడిగుడ్డ ఏస్తాం."

"మరి ఏసుకుంట కూసోండ్రి. డాక్టరుసాబ్‌కు నేను జెప్పుకుంట."

అంతే. ఆమె లోపలికొచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. నుదుటి మీద గుడ్డ, పిండడం, మార్చడం, మళ్లీ గుడ్డ. చేతులు ఐసు నీళ్లలో నాని ముడతలు పడ్డాయి. కవర్లో గడ్డ కరిగితే నాకన్నా ముందే చూసి, "బాబూ, సంక కింద అయిపోనాది, ఇంకోటి అట్రా" అని నన్ను పరుగెత్తించేది. ఒళ్లు తొంభై రెండు మీద అతికించినట్టు నిలబడింది. మర్నాడు నెమ్మదిగా వేడెక్కించడం మొదలుపెడితే, "తొందరేటి? సిన్నగా సిన్నగా" అని సిస్టరుకే పాఠం చెప్పింది.

మూడో రోజు గొట్టం తీశారు. గొంతులోకి సరిగ్గా దిగుతోందో లేదో చూడాలని సిస్టరు చెంచాతో నీళ్లు పోసింది. మింగాడు. తల్లిని చూశాడు. నోరు తెరిచి, "క్యాబ్ వచ్చిందా?" అన్నాడు.

మా అందరికీ పండగయింది. రెండు నిమిషాలయ్యాక మళ్లీ, "క్యాబ్ వచ్చిందా?" ఇంకో రెండు నిమిషాలకు మళ్లీ అదే. సాయంత్రానికి పండగ దిగిపోయింది. కొన్ని రోజులు ఇలా ఉండొచ్చని, ఇంతకన్నా బాగుపడకపోవడమూ ఉంటుందని డాక్టరుగారు దాచకుండా చెప్పారు. తల్లి మాత్రం అడిగిన ప్రతిసారీ కొత్తగా అడిగినట్టే జవాబు చెప్పేది. "ఒచ్చి ఎల్లిపోనాది నాన్నా. నీకు సెలవు."

ఐదో రోజు పొద్దున నేను దుప్పటి మారుస్తున్నాను. అతను నోరు తెరిచాడు. మళ్లీ మొదలుపెట్టాడురా అనుకున్నాను.

"అమ్మా, క్యాబ్ వెళ్లిపోయిందన్నావు కదా. ఆఫీసుకి ఫోన్ చేశావా?"

అమ్మ చెప్పిన మాట తలలో నిలబడింది! తల్లి అటు తిరిగి గోడకేసి చూస్తూ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను దుప్పటి తలకిందులుగా పరిచాను.

తర్వాత పెద్దాసుపత్రిలో స్టెంటు వేయించుకున్నాడు. మా దగ్గర్నుంచి పోయేముందు, "ఎముకలు నొప్పులు, ఎవరో కొట్టినట్టుంది" అంటే, "నొక్కింది నేనే, మాఫ్ చెయ్ తమ్మీ" అన్నాను. రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ డాక్టరుగారు వేరే ఊరెళ్లిపోయారు కాబట్టి ఇన్నేళ్లూ ఆ అబద్ధం చెల్లిపోయింది.

మొన్న మల్కాజ్‌గిరి పోయి, జ్వరం ఎత్తు నేనెలా వేశానో ఇక్కడిదాకా రాసింది ఆ తల్లికి చదివి వినిపించాను. ఎనభైకి దగ్గరపడింది, చెవులు మాత్రం భేష్. లోపలి గదిలో కొడుకు ఫోన్లో ఎవరినో కేకలేస్తున్నాడు. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ చివరిదాకా విని, తలెత్తింది.

"జొరమేటి బాబూ, జొరం? ఐసుగడ్డలాగున్నోడ్ని ముట్టుకుంటే నాకు తెలీదేటి? ఎందుకు సల్లబెడతన్నారో సిస్టరమ్మ ఆ బెంచీ కాడే నాకు అర్తమయ్యేలా సెప్పీసింది. మీరు గుడ్డలట్టుకొచ్చినారు, నా బిడ్డని ముట్టుకోనిస్తన్నారు కదాని నోరు మూసుకున్నాను."