ఇంకో పదిసార్లు

ఎనిమిదేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. పోయిన వారం వరకూ ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కనుక మీకు పూర్తిగా చెప్పగలననిపిస్తోంది.

నేను సుఖంగానే ఉన్నాను. భవానీపురంలోని ఒక పార్కులో పొద్దున్నే పెద్దవాళ్లచేత వ్యాయామం చేయిస్తాను. కృష్ణ మీదనుంచి వచ్చే గాలిలో ముప్ఫైమంది ఒక్కసారిగా చేతులు పైకెత్తితే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది. ఇంత ఇష్టమైన పని నాకెలా దక్కిందన్నదే అసలు సంగతి.

అప్పుడు వ్యాయామ విద్యలో డిగ్రీ ఆఖరి ఏడాది. మైలవరం నుంచి వచ్చి హాస్టల్లో ఉండేదాన్ని. ప్రాజెక్టు కోసం ఇదే పార్కులో పెద్దవాళ్లకు మూడు నెలలు వ్యాయామం నేర్పి, ఎవరు ఎంత మెరుగయ్యారో రికార్డులో రాయాలి. పదిమందితో మొదలుపెడితే ఐదుగురు మిగిలారు. అందులో సుబ్బారావు గారొకరు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఒక్కరోజు మానలేదు.

ఆఖరి రోజు పరీక్ష. సిమెంటు మెట్టు ముప్ఫైసార్లు ఎక్కి దిగాలి. ఇరవై దగ్గర ఆయన ఆగారు.

"మోకాలు పట్టేస్తోందమ్మా. ఇవాళ్టికి వదిలెయ్యకూడదూ?"

వదిలెయ్యాలి. నొప్పి అన్న మాట వినగానే ఆపించాలని మొదటి ఏడాదే నేర్పారు. పరీక్షలో అది రాసి మార్కులూ తెచ్చుకున్నాను. తెలియక చేశానని ఎలా అనను? రికార్డులో ఆయన పేరు ఎదుట ఖాళీ గడి కనిపించింది, అంతే.

"ఇంకో పదిసార్లే కదండీ" అన్నాను. నవ్వాను కూడా.

ఇరవై ఆరోసారి కాలు మడతపడింది. తుంటి ఎముక విరిగింది.

ఆస్పత్రిలో, ఆయన మంచం పక్కనే, ఆయన భార్య రమణమ్మ గారి ఎదుటే, ఏం జరిగిందని ప్రాజెక్టు చూసే మా కాలేజీ సార్ అడిగారు.

"నేను ఆపమన్నాను సార్. ఆయనే వినలేదు."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. సుబ్బారావు గారు నావైపు ఒక్కసారి చూశారు. తర్వాత, "అవునండీ, ఆ అమ్మాయి వద్దనే అంది. తప్పు నాదే" అన్నారు.

ఎందుకన్నారు? నా చదువు పాడవుతుందనా? అడగలేదు. అడిగితే నేను ఒప్పుకోవాలి కదా. డిగ్రీ వచ్చింది. ఉద్యోగమూ వచ్చింది.

ఆయన కర్రతో నడవగలిగారు. రోజూ ఇద్దరూ పార్కుకొచ్చి కూర్చుంటారు. నేను కనిపిస్తే "బాగున్నావామ్మా" అంటారాయన. రమణమ్మ గారు మాత్రం, "ఆ పిల్ల చెప్పినప్పుడే వినుంటే ఈ కర్ర ఉండేదా?" అని నలుగురిలో దెప్పుతారు. ఆయన తలూపుతారు. ఎనిమిదేళ్లుగా తలూపుతూనే ఉన్నారు. అది చూస్తూ నేను లెక్కపెట్టి మరీ వ్యాయామం చేయిస్తూనే ఉన్నాను. ఎలా చేయించగలిగాను?

పోయిన వారం ఆయనకు జ్వరమొచ్చి, ఆవిడొక్కరే వచ్చారు. ఆవిడ పక్కన కూర్చుని అంతా చెప్పేశాను.

"ఆయనకి తెలుసుగా?" అన్నారావిడ.

"మొదట్నించీ తెలుసండీ."

ఆవిడ లేచి వెళ్లిపోయారు.

నాలుగు రోజులకు ఇద్దరూ వచ్చారు. ఆవిడ నావైపు చూడలేదు. ఆయన లేవబోతూ తడబడితే, పల్లెత్తు మాట అనకుండా భుజం అందించారు. ఆ భుజం పట్టుకుని ఆయన గేటుదాకా నెమ్మదిగా నడిచారు.

నన్ను క్షమించారో లేదో తెలియదు. అడగను. ఆ పూట మాత్రం ఇంటికెళ్లి ఆకలేసి కడుపునిండా తిన్నాను.