వరండాలో అమ్మలు

మొన్న బెజవాడ గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ కొట్టు ముందు నుంచి వస్తుంటే, మెట్ల మీద పగిలిన సీసాలోంచి సంపెంగ నూనె వాసన గుప్పుమంది. అరవై దాటినదాన్ని, చేతిలో కూరల సంచీతో ఉన్నచోటే నిలబడిపోయాను. మా లెక్కల మాస్టారు తలకి ఆ నూనే రాసుకునేవారు.

మాది కంకిపాడు దగ్గర చిన్న ఊరు. డెబ్బైల్లో కాలువ గట్టు మీద పెంకుల బడి ఉండేది. కోతలు మొదలైతే పొద్దున్నే పొలాల మీద మంచు, కిటికీల్లోంచి కొత్తగడ్డి వాసన, ఇంటర్వెల్లో ఉప్పూకారం అద్దిన దోరజామకాయలు, బడి వెనక మట్టిలో గీసుకున్న తొక్కుడుబిళ్ల గళ్లు. అంతా బాగానే ఉండేది గానీ, ఆ రోజుల్లో పొద్దు తొందరగా వాలేది. అదే మాకు భయం.

మాస్టారంటే ఊరికి దేవుడు. ఏ గుమ్మం ముందు ఆగినా మజ్జిగ గ్లాసు ఎదురొచ్చేది. ఏడో తరగతి పరీక్షలకని సాయంత్రాలు చివరి గదిలో ప్రైవేటు చెప్పేవారు. చివర్లో ఎవరో ఒక ఆడపిల్లని, లెక్క తప్పిందని ఆపేసి మిగతావాళ్లని పంపేసేవారు. ఆ మిగతా ఆడపిల్లలు ఇళ్లకి పోకుండా కిటికీ కింద చేరి గట్టిగా ఎక్కాలు చదివేవాళ్లు. ఎందుకో ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు కాదు. ఆరో తరగతిదాన్నైనా నేనూ గొంతు కలిపేదాన్ని. ఒకరోజు ఆయన బెత్తం పట్టుకుని వచ్చి మమ్మల్ని గట్టు దిగేదాకా తరిమారు. ఆ సాయంత్రం లోపలున్నది మా పక్కింటి సుజాత.

సుజాతకి తల్లి లేదు. ఆ తర్వాత అది ఆటలకి రావడం మానేసింది. బడికి పోనని మొండికేస్తే వాళ్ల నాన్న చెయ్యి చేసుకున్నాడు. రేవులో బట్టలు జాడిస్తూ నాతో మాత్రం అంది, “నన్నొక్కదాన్నే ఉంచుతున్నారే. నాకు చచ్చిపోవాలనుందే.”

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ పొయ్యిలోంచి కట్టెలు వెనక్కి లాగేసింది. ఇంకేం అడగలేదు.

మర్నాడు సాయంత్రం అమ్మ చేటలో బియ్యం పోసుకుని బడికొచ్చి, చివరి గది గుమ్మానికెదురుగా వరండాలో కూర్చుని రాళ్లేరడం మొదలుపెట్టింది. మాస్టారు బయటికొచ్చారు.

“ఇక్కడేం పనమ్మా మీకు?”

“పిల్లలిక్కడే ఉన్నారు కదండీ. నా పనీ ఇక్కడే చేసుకుంటాను.”

ఆ పై రోజు మా పెద్దమ్మ చిక్కుడుకాయలు పట్టుకొచ్చింది. వారం తిరిగేసరికి వరండా నిండా ఆడవాళ్లే. ఎవరూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు, ఎవరూ లేచి వెళ్లనూ లేదు. హెడ్మాస్టారు వచ్చి ఊరి పరువు పోతుందని బతిమాలారు. అమ్మ తలెత్తకుండానే, “ఆయన్ని పంపెయ్యండి, లేచిపోతాం,” అంది.

సంక్రాంతి సెలవులకి ముందే మాస్టారికి బదిలీ అయింది. ఊరి పెద్దలు ఆయనకి వీడ్కోలు సభ పెట్టారు, గంధం పూశారు, గొప్పగా మాట్లాడారు. దండ వెయ్యడానికి సుజాతని పిలిచారు. అది కదలకుండా నా చెయ్యి పట్టుకుంది. అమ్మ లేచి అందరూ వినేలా, “దాన్ని పిలవకండి,” అంది. ఆయన నవ్వుతూనే ఉన్నారు.

బదిలీ ఎక్కడికో తెలిశాక అమ్మకి నిద్ర పట్టలేదు. పెద్దమ్మని వెంటబెట్టుకుని బస్సెక్కి, హనుమాన్ జంక్షన్లో దిగి, అక్కడినుంచి పొలాలకడ్డంపడి ఆ ఊరికి నడిచి వెళ్లింది. చీకటి పడ్డాక తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే నాన్న అడిగారు, ఆ ఊరి తల్లులు విన్నారా అని.

“ఒకావిడ వింది. మిగతావాళ్లు మమ్మల్నే తిట్టారండీ, దేవుడిలాంటి మనిషి మీద నిందలా అని.”

ఇప్పుడా బడి లేదు, ఆ చోట కల్యాణ మండపం లేచింది. జామచెట్లు కొట్టేశారు. అమ్మా పోయింది. సుజాత బెజవాడలోనే ఉంటుంది, నర్సుగా చేసి రిటైరైంది. కిందటేడు అమ్మ సంవత్సరీకానికి వచ్చి, భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని అంది, “మీ అమ్మ నన్నేమీ అడగలేదే. ఊరికే నమ్మింది.”

ఆ రెండో ఊళ్లో పిల్లల మాట నా నోటిదాకా వచ్చింది. దాని మొహం చూస్తే దానికీ అదే వచ్చినట్టుంది. ఆనాటి సభలోలాగే నా చెయ్యి పట్టుకుంది.