మన అన్నమాట

నూనె బాబాయికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో మాత్రం దాని అవసరం ఎవరికీ పడలేదు. చేతిలో పొడుగుమూతి నూనెడబ్బా, భుజం మీద మసిగుడ్డ, ఏ వరసలో మిషను మొరాయిస్తే ఆ వరసలోంచి "నూనె బాబాయ్" అని ఒక కేక. అతనికంటే వయసులో పెద్దావిడ, కాజాలు కుట్టే ఆవిడ కూడా బాబాయ్ అనే పిలిచేది. మొదట్లో ఉడుక్కున్నాడు, తరవాత అలవాటుపడ్డాడు.

సూది విరిగినా, దారం తెగినా, కుట్టు వదులైనా అతనే చూడాలి. అన్నం తింటూ ఏదో మిషను చప్పుడు తేడాగా వినపడితే ఎడంచేత్తో డబ్బా మూతపెట్టి లేచిపోయేవాడు. గేటు తియ్యకముందే వచ్చి నిలబడేవాడు. లోపల అతనికి బీరువాలో ఒక అర, కిటికీ పక్కన ఒక స్టూలు, పిడి విరిగిన ఒక కప్పు ఉండేవి. లేనిదల్లా ఉద్యోగమే. అతను బయటి మనిషి. నెలనెలా సొంత బిల్లు రాసిచ్చి డబ్బు పుచ్చుకునే కాంట్రాక్టరు, ఏడాదికోసారి తన పన్ను తానే కట్టుకునేవాడు. ఈ సంగతి ఫ్యాక్టరీలో సగంమందికి తెలియదు. బాబాయికి తెలుసు గానీ మరిచిపోయాడు.

ఎంతగా మరిచిపోయాడంటే, ఇంటిని మా ఇల్లు అనేవాడు, భార్యను మా ఆవిడ అనేవాడు, ఫ్యాక్టరీ దగ్గరికొచ్చేసరికి మాత్రం మన కంపెనీ, మన మిషన్లు. "కట్టుకున్నదాన్ని నేను, కలుపుకున్నది దాన్నా?" అని భార్య ఎత్తిపొడిచేది. వీధి చివరి దర్జీ వచ్చి మిషను చూసిపెట్టమంటే, మన మిషన్లతోనే సరిపోతోందయ్యా, తీరిక లేదని పంపేసేవాడు. ఇంటికొచ్చిన బేరాన్ని కాలదన్నుకోవడం అంటే ఇదే, కానీ అతనికి అలా తోచలేదు.

అలాంటి రోజుల్లో ప్రభుత్వం పన్నుల పద్ధతి మార్చింది. ఒకే చోట ఉద్యోగిలాగా పనిచేస్తూ, బయటివాడిలాగా బిల్లు రాసుకునేవాళ్ళు ఇకమీదట ఉద్యోగుల లెక్కన పన్ను కట్టాలి. ఎవరు ఉద్యోగో ఎవరు కాదో కంపెనీయే తేల్చాలి, తప్పు తేలిస్తే జరిమానా కంపెనీ మీద పడుతుంది. యజమానులు పనివాళ్ళను మోసం చెయ్యకుండా ఈ ఏర్పాటు అని టీవీలో చెప్పారు. మంచిదే, కాదనడానికి నేనెవర్ని? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న మాట కూడా మంచి మందుల గురించే పుట్టి ఉంటుంది.

ఇది మనకేనా అని భార్య అడిగింది. అది ఎగ్గొట్టేవాళ్ళకి, మనకెందుకన్నాడు బాబాయి. తరవాత కొంచెంసేపు ఆలోచించి, ఒకవేళ ఉద్యోగిలాగా ఉన్నానని తేలితే పర్మనెంటు చేస్తారేమో అన్నాడు. ఆ మాటతో ఆవిడ చేతిలో పని ఆగిపోయింది. పర్మనెంటయితే సెలవులుంటాయి, జబ్బు చేస్తే జీతం ఆగదు, ముసలితనంలో ఏదో కాస్త వస్తుంది. ఆశ పడటానికి అంతకంటే ఏం కావాలి?

ఫ్యాక్టరీకి కొత్త చొక్కాల నమూనాలు గీసిచ్చే అమ్మాయి ఒకతె ఉంది. ఆమె కూడా బయటి మనిషే, నాలుగైదు కంపెనీలకు ఇంట్లో కూర్చుని గీస్తుంది. ఈ లెక్క తేల్చడానికి ఆమెను ముందే పిలిచి అడిగారు, బయటి మనిషేనని తేలి గట్టెక్కింది. మెట్ల దగ్గర బాబాయిని ఆపి పాఠం చెప్పింది. "బాబాయ్, బయట కూడా బేరాలున్నాయని చెప్పు. నువ్వు రాలేకపోతే ఇంకొకర్ని పంపుతానను. అన్నిటికంటే ముఖ్యం, మన కంపెనీ అనకు. మీ కంపెనీ అను."

బాబాయికి కోపం వచ్చింది. ఇంతకాలం ఉప్పు తిని మీ కంపెనీ అనాలా? పైగా లేని బేరాలు ఉన్నాయని అబద్ధమాడాలా? ఈ పిల్ల తన పర్మనెంటు చెడగొట్టడానికే చెబుతోందేమో అని కూడా ఒక పాడు ఆలోచన వచ్చింది. మనిషికి ఆశ పుట్టాక హితవు చెప్పేవాళ్ళు శత్రువుల్లాగే కనపడతారు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని అద్దాల గదిలోకి వెళ్ళాడు. లోపల ఇద్దరున్నారు. ఒకరు పెద్దాఫీసు పంపిన ఆడిటరు, నెమ్మదిగా మాట్లాడే ఆవిడ. రెండో ఆయన మేనేజరు. ఆయన గుమాస్తాగా చేరిన రోజుల నుంచీ బాబాయిని ఎరుగును. ఆడిటరు అడగబోయే ప్రశ్నను మేనేజరే అందుకున్నాడు. "నీకు ఒంట్లో బాగోకపోతే ఇంకెవర్నైనా పంపుతావు, అంతే కదా?" అంటూ తల కిందికీ పైకీ ఆడించాడు. నీళ్ళలో పడ్డవాడికి తాడు వేసినట్టే వేశాడాయన.

బాబాయి ఆ తాడు పట్టుకోలేదు. "ఎప్పుడూ పంపలేదు సార్. జ్వరమొచ్చినా నేనే వచ్చాను, మీకు తెలీదా?" అన్నాడు గర్వంగా.

వేరే కస్టమర్లు ఎవరున్నారని ఆడిటరు అడిగింది.

"మన కంపెనీ ఉండగా ఇంకొకళ్ళెందుకండీ?"

ఆవిడ కలం ఆగింది. "మన కంపెనీ అంటే?"

"ఇదేనండి. మనదే."

మేనేజరు గోళ్ళు చూసుకోవడం మొదలుపెట్టాడు. పనిముట్లు ఎవరివని ఆవిడ చివరగా అడిగింది. అవి బాబాయి సొంతవి. పెళ్ళయిన కొత్తలో ఒక్కొక్కటే కొనుక్కున్నవి. చిన్న స్క్రూడ్రైవర్లు పోతున్నాయని భార్య పాత ప్యాంటు గుడ్డతో వరసగా జేబులు పెట్టి ఒక సంచీ కుట్టింది, చుట్టి కట్టుకునేది. నావి అనడం అతనికి ఎందుకో మొరటుగా అనిపించింది. నలుగురిలో మనవాళ్ళు నావి అనాల్సిన చోట మనవి అనడం ఉన్నదే కదా. అతనూ అలాగే అన్నాడు.

"మనవేనండి."

అప్పటిదాకా మన అంటే కంపెనీ అని అర్థం చేసుకుంటూ వచ్చిన ఆవిడ, ఇక్కడా అలాగే అర్థం చేసుకుని అలాగే రాసుకుంది. ఆవిడను తిట్టడానికి నాకు నోరు రాదు. విన్నదే రాసింది.

వారం తిరక్కుండా మేనేజరు కబురు చేశాడు. బాబాయి అన్ని విధాలా ఉద్యోగిలాగే ఉన్నాడని తేలింది. అలాంటివాడికి బిల్లు మీద డబ్బివ్వడం ఇక కుదరదు. పోనీ ఉద్యోగంలోకి తీసుకుందామంటే కొత్తవాళ్ళను చేర్చుకోవద్దని పెద్దాఫీసు ఆజ్ఞ. మిషన్ల పని ఒక ఏజెన్సీకి అప్పగించేశారు, అక్కడ పేరిచ్చుకొమ్మన్నాడు. ఉద్యోగి కట్టే పన్ను కట్టాలి, యజమాని వాటా కూడా జీతంలోంచే పట్టుకుంటారు, ఉద్యోగికి ఉండే సెలవులు మాత్రం ఉండవు. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళాలి. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో బాబాయికి నిలబడ్డచోటే తెలిసింది.

"అంత చెప్పినా వినిపించుకోలేదేం? తల ఊపాను కదయ్యా," అన్నాడు మేనేజరు. ఆయన గొంతులో బాధ నిజమైనదే.

ఆడవాళ్ళు మిషన్లు ఆపి చూస్తుండగా బాబాయి తన అర ఖాళీ చేసి, సంచీతో సహా పనిముట్లన్నీ పెట్టెలో సర్దుకున్నాడు. గేటు దగ్గర వాచ్‌మన్ పెట్టె చూసి ఆపాడు. రోజూ పలకరించే మనిషే. పనిముట్లు కంపెనీవని రాసి ఉందట, బయటికి వదిలితే తన ఉద్యోగం పోతుందట. మేనేజరు దిగి వచ్చాడు. ఆడిటులో కంపెనీవని రాసినవాటిని ఇప్పుడు నీవని పంపిస్తే, ఆడిటు మొత్తం అబద్ధమంటారు, జరిమానా వేస్తారు, ఏం చెయ్యను చెప్పు అన్నాడు. కప్పు మాత్రం తీసుకెళ్ళమన్నాడు.

బాబాయి పెట్టెను వాచ్‌మన్ బల్ల మీద పెట్టి, నూనెడబ్బా మూతి కారకుండా తిప్పి బిగించాడు. చేతుల అలవాటు అది.

అటునుంచి అటే ఏజెన్సీకి వెళ్ళాడు. అక్కడి కుర్రాడు మర్యాదస్తుడు, కుర్చీ వేశాడు. పని బాగా వచ్చినట్టే ఉందని మెచ్చుకున్నాడు కూడా. చివరికి ఒక్క మాట అడిగాడు. "సొంత పనిముట్లున్నాయి కదండీ? మేము సొంత పనిముట్లు ఉన్నవాళ్ళనే తీసుకుంటాం."

బాబాయి ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది. చేతిలో కప్పు చూసింది, రెండో చెయ్యి చూసింది. ఉద్యోగం సంగతి అడగలేదు, మొహంలోనే కనపడింది కాబోలు. సర్లే, వీధి చివరి దర్జీ ఇంకా అడుగుతూనే ఉన్నాడు, రేపు వెళ్ళు, ఏదో ఒకటి దొరక్కపోదు అంది. అంతలో గుర్తొచ్చింది.

"పెట్టె ఏదీ? నేను కుట్టిన సంచీ?"

బాబాయి కప్పును గూట్లో పెట్టాడు. తిరిగి ఆవిడ వైపు చూసేసరికి అతని కళ్ళు నిండిపోయాయి.

"అది వాళ్ళదే," అన్నాడు.