అరచేతంత గోడ

ఆ రోజుల్లో కంప్యూటర్ మీద కంటే నా మీద నాకే నమ్మకం ఎక్కువ. (రెండూ సగంలోనే ఆగిపోయేవనుకోండి, అది వేరే సంగతి.) రాజాంలో ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో కొత్తగా చేరాను. కట్టబోయే ఇంటిని కంప్యూటర్‌లో నిలబెట్టి, అచ్చం ఫొటోలాంటి బొమ్మ తీసివ్వడం నా పని. దాన్నే రెండరింగ్ అంటారు. రంగు నప్పిందో లేదో చూసుకోవడానికి చిన్న నమూనా బొమ్మ చాలు. నేను మాత్రం నమూనాకి కూడా కొబ్బరాకుల ఈనెలతో సహా, కిటికీ అద్దంలో ఎదురింటి నీడతో సహా అన్నీ పెట్టి, పెద్ద సైజులో రెండర్ బటన్ నొక్కేదాన్ని. బొమ్మకి మూడు గంటలు. అది పూర్తి కావస్తుందనగా కరెంటు పోయేది.

అప్పుడు ఇల్లు కట్టిస్తున్నది ఒక ధాన్యం వ్యాపారి. ఆయనకి ముందుగోడ రంగు ఓ పట్టాన నచ్చదు. "పసుపు కొంచెం తగ్గించమ్మా" అనేవారు. నేను తగ్గించి నొక్కితే, టీ తాగి, కుర్చీలోనే కునుకు తీసి లేచి, "ఇంకా అవనేదేటి?" అనేవారు. నాలుగో రోజు పొద్దున్న మా సారు తేల్చేశారు. "సాయంత్రానికి ఆయన రంగు ఒప్పుకోవాలమ్మా. నేదంటే ఇంకో ఆఫీసుకి పోతారు. అప్పుడిక్కడ నీకు పనేటుంటాది?" ఈ ఉద్యోగం కోసం మా నాన్న ఎండల్లో ఎంత మాడాడో నాకు తెలుసు.

నాన్న తాపీమేస్త్రీ. పక్కవీధిలోనే పని. మధ్యాహ్నం నాకు క్యారేజీ తెచ్చి, సిమెంటు కాళ్లు గుమ్మం బయటే దులుపుకునేవాడు. మొదటిరోజు సారు "ఎవరమ్మా?" అంటే, నా నోట "మా ఊరాయనండీ" అని వచ్చేసింది. (ఎందుకన్నానని అడక్కండి. కొత్త చుడీదారు, కొత్త కుర్చీ, కొత్త పొగరు.) నాన్న విన్నాడు. మర్నాడు కూడా వేళకి క్యారేజీ తెచ్చాడు.

ఆ నాలుగో రోజు మధ్యాహ్నం నా ఏడుపుమొహం చూసి, సంగతంతా విని, "ఏటమ్మా, రంగు సూడ్డానికి ఇల్లంతా కట్టేస్తన్నావేటి?" అన్నాడు మెల్లగా. "మేమైతే గోడకి ఓ మూల అరసేయంత పూస్తాం. ఎండలో ఓ పాలి, నీడలో ఓ పాలి సూపిస్తాం. ఆళ్లు సరేనంటేనే గోడంతా పూత."

చెట్లు తీసేశాను. అద్దాలు తీసేశాను. సైజు తగ్గించి, గుమ్మం పక్కన గోడముక్క ఒక్కటే ఎంచుకుని నొక్కాను. అమ్మబాబోయ్, నిమిషం పట్టలేదు! పొద్దుటెండలో ఒకటి, సాయంత్రపు నీడలో ఒకటి. వ్యాపారిగారికి కునుకు తీసే సందే దొరకలేదు. పన్నెండు రంగులు చూసి, పదమూడోదానికి "ఇదేనమ్మా!" అన్నారు.

ఆయన వెళ్లాక సారు, "ఈ కిటుకు ఎవలు సెప్పారమ్మా?" అన్నారు. పని దిగి ఖాళీ క్యారేజీ కోసం వచ్చిన నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. "మా నాన్నండీ. అదిగో, ఆయనే" అన్నాను. సారు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "మీ ఊరాయనన్నావు కదా?" అన్నారు. నాన్నే అందుకున్నాడు.

"అవును బాబూ, ఆళ్లూరోణ్నే. ఆళ్లింట్లోనే ఉంటాను."

సారు పగలబడి నవ్వారు. నేనూ నవ్వబోయి భోరుమన్నాను. ఆ పొగరుబోతు పిల్ల ఇప్పుడు గనక ఎదురైతే రెండు తగిలించాలనిపిస్తుంది. మళ్లీ, నాన్నే ఒక్క మాట అనలేదు, కొట్టడానికి నేనెవర్ని అని ఊరుకుంటాను.